పొగడ్త పోషణ కాదు: చిత్తూరు నాగయ్యగారి జీవితము మనకు చెప్పునది

మన తెలుగువారికి ఒక అలవాటు కలదు. నచ్చినదానిని నోరార మెచ్చుకొందుము; మెచ్చుకొనుటతోడనే దానియెడ మన బాధ్యత తీరినదని తలంతుము. ఒక దండ వేయుదుము, ఒక బిరుదు నిచ్చుదుము, సభలో నాలుగు మంచి మాటలు చెప్పుదుము, ఇంటికి పోవుదుము. మెచ్చినది మరునాడు ఎట్లు నిలుచునో విచారించువారు అరుదు. ఈ అలవాటునకు గురియైన మహానటుడు, మహాగాయకుడు చిత్తూరు నాగయ్యగారు. నేడు అదే అలవాటునకు గురియగుచున్నది, బాబ్లీలోను, ధర్మాబాదు తాలూకాలోని తక్కిన ఊళ్లలోను మన ఇండ్లలో నిలిచియున్న తెలుగు. ఈ రెండింటికిని గల సంబంధమును పాఠకమహాశయులు ఓపికతో పరికింపవలెనని మా మనవి.

మన పెద్దలకు నాగయ్యగారిని గూర్చి చెప్ప బనిలేదు. పిల్లలకు మాత్రము ఆ పేరే తెలియదు గనుక కొంత చెప్పవలసియున్నది. ఉప్పలదడియము నాగయ్యగారు 1904 మార్చి 28వ తేదీన గుంటూరు జిల్లా రేపల్లెలో జన్మించిరి. బాల్యము, యౌవనము చిత్తూరు ప్రాంతమున గడచినవి. ఆ ఊరి పేరే వారి ఇంటిపేరు వలె నిలిచిపోయెను. అచ్చటి శ్రీరామ విలాస సభవారి నాటకములలో వారికి పేరు వచ్చెను. ఆనాడు రంగస్థలముపై స్త్రీ పాత్రలను పురుషులే ధరించుట వాడుక. సారంగధర నాటకమున నాగయ్యగారు చిత్రాంగి వేషము వేసి మెప్పించిరి.

1938లో హెచ్. ఎం. రెడ్డిగారి ‘గృహలక్ష్మి’తో వారు చలనచిత్ర రంగమున ప్రవేశించిరి. మరుసటి యేడు బి. ఎన్. రెడ్డిగారు వాహినీ సంస్థ పక్షమున తమ మొదటి చిత్రము ‘వందేమాతరము’ తీసినప్పుడు అందు కథానాయకుడును, సంగీత దర్శకుడును నాగయ్యగారే. 1940లో వచ్చిన ‘సుమంగళి’లో సంఘసంస్కర్తయైన వృద్ధుని పాత్ర ధరించిరి. అప్పటికి వారి వయస్సు ముప్పదియారు. యువకుడుగ నిలిచి సంపాదింపదగిన కాలమున ముసలివాని వేషమునకు ఒప్పుకొనుట సామాన్యమైన సంగతి కాదు. తాను కనబడుట కన్న పాత్ర కనబడుట ముఖ్యమని నమ్మినవాడే ఆ పని చేయును.

ఆ నమ్మకము పండినది ‘భక్త పోతన’, ‘త్యాగయ్య’, ‘యోగి వేమన’ అను మూడు చిత్రములలో. మొదటిది యుద్ధకాలమున కె. వి. రెడ్డిగారి దర్శకత్వమున వచ్చెను. దర్శకుడుగ వారికదియే తొలి చిత్రము. రెండవది 1946 నాటిది. దానికి నిర్మాత, దర్శకుడు, సంగీతకర్త, నటుడు, గాయకుడు అన్నియు నాగయ్యగారే. మూడవది 1947లో మరల కె. వి. రెడ్డిగారు తీసినది. పొలము దున్నుకొని బ్రతుకు కవి ఒకడు, సంగీతమునే భిక్షాపాత్రగ జేసికొన్న గాయకుడు ఒకడు, భోగములలో మునిగి తేలి విరాగియైన యోగి ఒకడు. ముగ్గురును ఒకే ముఖముతో, ఒకే కంఠముతో మన ముందునకు వచ్చిరి. అయినను ఒకరివలె ఒకరు లేరు.

ఆ కంఠమును గూర్చి ఒక మాట విపులముగ చెప్పవలసియున్నది, ఏలయన మన పిల్లలకు కావలసినది అందులోనే కలదు. నాగయ్యగారిది గొప్ప విద్వత్తును ప్రదర్శించు గానము కాదు. వారు రాగమును మాట వెనుక నడిపించిరి. మాటను రాగము క్రింద పడవేయలేదు. మాటలాడుచు మాటలాడుచు పాటలోనికి జారుకొందురు. ఎక్కడ మాట ముగిసెనో, ఎక్కడ పాట మొదలయ్యెనో తెలియదు. ప్రతి అక్షరమునకు దాని స్థానము దానికిచ్చుదురు. శ, ష, స వేరు వేరుగ వినబడును. ఒత్తులు నలుగవు. పదము చివరి అచ్చు పూర్తిగ పలికిన పిమ్మటనే తరువాతి పదము వచ్చును.

ఈ చివరి అచ్చు సంగతి మనకు చాల ముఖ్యము. తెలుగు అజంత భాష. మన మాటలు సాధారణముగ అచ్చుతో ముగియును. మరాఠీలో అట్లు కాదు. ఘర్ అందురు, హాత్ అందురు. వ్రాతలో ఉన్న చివరి అకారము పలుకులో లోపించును. అది ఆ భాష స్వభావము, దానికదియే అందము. కాని రోజంతయు మరాఠీ బడిలో చదివి వచ్చిన మన పిల్లవాడు ఇంట తెలుగు పలుకునప్పుడును చివరి అచ్చును మింగుచున్నాడు. వానిని తిట్టి ప్రయోజనము లేదు. వ్యాకరణము చెప్పినను తలకెక్కదు. పాట చెప్పినచో ఎక్కును. పాటలో తాళము నిలువవలెనన్న అచ్చు పలుకక తప్పదు. అందుచేత నాగయ్యగారి పాట పది మారులు పాడిన పిల్లవాని నాలుక తనంత తానే తెలుగుదారి పట్టునని మా విశ్వాసము.

“పాత పాటలు నిదానముగ సాగును, ఈ కాలపు పిల్లలు విందురా?” అని కొందరు అడుగుచున్నారు. విందురు. మన కండ్లముందే నిదర్శనము కలదు. ఆషాఢమాసమున పండరి యాత్రకు పోవు మన మరాఠీ పొరుగువారి పిల్లలు అభంగములు పాడుటలేదా? అవి మూడు, నాలుగు వందల యేండ్ల క్రిందటివి, అంతకు పూర్వపువియు కలవు. అవి నిలుచుటకు కారణము వేగము కాదు. ఇంట తల్లి పాడును, ఊరిలో భజన సాగును, అర్థము చెప్పు పెద్ద ప్రక్కన ఉండును. మన పిల్లలకు లేనిది ఓపిక కాదు, ప్రక్కన కూర్చుండు పెద్ద.

అభంగముల మాట వచ్చినది గనుక మరియొక సంగతి చెప్పుదుము. నాగయ్యగారికి తోబుట్టువనదగిన నటగాయకుడు మరాఠీలో ఒకరు కలరు. వారు విష్ణుపంత్ పాగ్నీస్‌గారు. వారును రంగస్థలముపై స్త్రీ పాత్రలతోనే పేరు పొందిరి. 1936లో పూనాలోని ప్రభాత్ సంస్థవారు తీసిన ‘సంత్ తుకారాం’లో తుకారాముడై నటించి, పాడిరి. ఆ చిత్రము 1937లో ఇటలీ దేశపు వెనిస్ చిత్రోత్సవమున గుర్తింపు పొందెను. పాగ్నీస్‌గారు 1943లో స్వర్గస్థులైరి. తుకారాముడనగానే మహారాష్ట్రులకు పాగ్నీస్‌గారి రూపము, పోతన యనగానే తెలుగువారికి నాగయ్యగారి రూపము కన్నులకు కట్టుట పలు తరములుగ జరుగుచున్నది.

ఆ రెండు కథలలోను ఒకే ఘట్టము కలదు. శివాజీ మహారాజు పంపిన కానుకలను తుకారాముడు త్రిప్పి పంపును. పోతన తన భాగవతమును రాజునకు అంకితమీయక రామునకే అర్పించును. ఒకడు దేహూ గ్రామపు వర్తకుడు, ఒకడు బమ్మెర గ్రామపు కవి. ఇద్దరును గృహస్థులే, ఇద్దరికిని ఇంట లేమియే. ఈ రెండు చిత్రములను ఒకే వారమున మన పిల్లలకును, వారి మరాఠీ నేస్తములకును కలిపి చూపినచో, “నీ భాష, నా భాష” అను తగవు తలయెత్తదు. ఇరువురికిని గర్వపడదగినది ఒక్కటే యని వారే గ్రహింతురు.

నాగయ్యగారును ఈ గడ్డకు పరాయివారు కారు. 1948లో జెమినీ సంస్థవారు తీసిన ‘చక్రధారి’ అను తమిళ చిత్రములో వారు గోరా కుంభారుడై నటించిరి. ఆ కుమ్మరి భక్తుని ఊరు తేర్ మన మరాఠ్వాడాలోనిదే. 1957లో వచ్చిన ‘పాండురంగ మహాత్మ్యము’లో పుండరీకుని తండ్రిగ నటించిరి. తెలుగు నటుడు, తమిళ చిత్రము, మరాఠ్వాడా భక్తుడు! దేశపటము మీది గీతలు కళాకారుని కంఠమును ఆపలేదు. మన ఊళ్లు 1956 నవంబరు 1 వరకు హైదరాబాదు రాష్ట్రమున ఉండెను. పిమ్మట బొంబాయి రాష్ట్రమున చేరెను. 1960 మే 1 నుండి మహారాష్ట్రమున ఉన్నవి. ఇంటిని కదల్చకయే మన పెద్దలు మూడు రాష్ట్రములను చూచిరి. అందువలన ఈ సంగతి మనకు తెలిసినంతగ మరెవ్వరికిని తెలియదు.

ఇంక నాగయ్యగారి జీవితమునందలి రెండవ భాగమునకు వత్తము. వారు పేరు గడించిన దినములలో ధనమును విస్తారముగ గడించిరి. చేతికి వచ్చినది చేతిలో నిలువలేదు. వారి ఇంట ఎవరు వచ్చినను భోజనము సిద్ధముగ నుండెడిదనియు, అడిగినవారికి లేదనిపించుకొన లేదనియు తెలుగు చిత్రసీమ యంతయు చెప్పుకొన్నది. స్వయముగ చిత్రములు తీసిరి. ‘త్యాగయ్య’ కీర్తిని తెచ్చెను. పిమ్మట 1953లో ‘నా ఇల్లు’, 1964లో ‘భక్త రామదాసు’ తీసిరి, ఆస్తి కరగిపోయెను. 1965లో భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదము నిచ్చెను. ఆ బిరుదము ధరించిన మనుష్యుడే చివరి సంవత్సరములలో చిన్న చిన్న పాత్రలకు, చిన్న పారితోషికములకు నటింపవలసి వచ్చెను. 1973 డిసెంబరు 30వ తేదీన మదరాసులో పరమపదించిరి. తరువాత ఆ నగరములోని పానగల్ పార్కులో వారి విగ్రహము వెలసెను.

“అది వారి స్వయంకృతము, దాచుకొనుట తెలియనివానికి అట్లే జరుగును” అను వాదము ఒకటి కలదు. ఇందు కొంత సత్యము లేకపోలేదు. ఇంటి లెక్కలు చూచుకొనుట తప్పు కాదు. కళాకారుడైనంత మాత్రమున లెక్కలు తప్పవలెనని నియమమును లేదు. కాని ఈ వాదము చేయువారు ఒక ప్రశ్నకు జవాబు చెప్పవలెను. ఇచ్చుట ఆయన దోషమైనచో, పుచ్చుకొన్నవారి మాట యేమి? తిన్న చేతులు వేలు. తిరిగి అందించిన చేతులు ఎన్ని? ఆ విగ్రహమునకైన వ్యయములో కొంత ఆయన జీవించియున్నప్పుడు చేరియుండినచో, తెలుగువారి పరువు కొంత నిలిచియుండెడిది. పోయిన పిమ్మట పూలు వేయుట సులభము. ఉన్నప్పుడు అన్నము పెట్టుటయే కష్టము.

ఇతర దేశముల కళాకారుల చరిత్రలు ఎల్లప్పుడు ఇట్లే ముగియలేదు. ఫ్రాన్సు దేశపు నటగాయకుడు మారిస్ షెవాలియే 1888లో పారిసు నగరపు పేదల పేటలో పుట్టెను. బాల్యము నుండి చిన్న చిన్న కాఫీ శాలలలో పాడి పైకి వచ్చెను. మాటలాడు చిత్రములు మొదలైన దినములలో అమెరికాకు పోయి ఇంగ్లీషు చిత్రములలో నటించెను. ఆయన ఇంగ్లీషులో ఫ్రెంచి యాస కొట్టవచ్చినట్లు వినబడెడిది. దానిని దాచుకొనలేదు, అదే ఆయన సొత్తయ్యెను. 1968లో, ఎనుబదియవ యేట, పారిసులోని పెద్ద నాటకశాలలో తన శ్రోతల యెదుటనే నిలిచి వీడ్కోలు కచేరీ చేసెను. 1972 జనవరి 1వ తేదీన మరణించెను. నాగయ్యగారి మరణమునకు రెండేండ్లు ముందు. ఒకడు తన ప్రజల చప్పట్ల నడుమ తానుగా వేదిక దిగెను. మరియొకడు దిగుటకు వీలులేక, పొట్టకొరకు చివరి వరకు వేదిక మీదనే నిలిచెను. కళలో భేదము కాదిది; ఆదరణలో భేదము.

షెవాలియే కథలో మనకు వేరొక పాఠమును కలదు. మన తెలుగులో మరాఠీ కలిసినదని, తెలంగాణపు పలుకు కలిసినదని, బంధువులు నవ్వుదురని మన యువకులు తెలుగు మాటలాడుటకే జంకుచున్నారు. బాసర దాటి పోగానే నోరు మూసికొనుచున్నారు. ఈ జంకు అనవసరము. యాస తప్పు కాదు, మౌనము తప్పు. చివరి అచ్చు దిద్దుకొందము, ఒత్తులు దిద్దుకొందము, అది శుద్ధి. కాని అమ్మమ్మ పలుకును విడిచి పెట్టుట శుద్ధి కాదు, దానిని విడుచుకొన్నచో మిగులునది ఏమియు లేదు.

ఇప్పుడు మన ఊరి మాట. బాబ్లీ పేరు వినగానే రెండు రాష్ట్రముల ప్రజలకును జ్ఞాపకము వచ్చునది గోదావరి మీది ఆనకట్ట. 2.74 టీఎంసీల నీటిని గూర్చి ఏండ్ల తరబడి వివాదము నడిచినది. 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. జూలై 1 నుండి అక్టోబరు 28 వరకు తలుపులు ఎత్తి యుంచవలెను. మార్చి 1న 0.6 టీఎంసీల నీటిని క్రిందికి విడువవలెను. నీటికి లెక్క ఉన్నది, తేదీ ఉన్నది, పర్యవేక్షించు సంఘమును ఉన్నది. భాషకు అట్టి తేదీ ఎవరు పెట్టుదురు? తాతనుండి మనుమనికి మాట జారవలసిన దినమున తలుపు ఎవరు ఎత్తుదురు?

రాజ్యాంగములో 350ఎ అధికరణము ఉన్నది. 1956లో చేర్చబడినది. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించుటకు తగిన సౌకర్యములు కల్పింప ప్రయత్నింపవలెనని ప్రతి రాష్ట్రమునకును, స్థానిక సంస్థకును అది చెప్పుచున్నది. దానిని అడుగుట మన హక్కు, అడుగుచునే ఉందము. కాని అధికరణము కూడ ఒక విధమైన పద్మశ్రీయే. గౌరవము నిచ్చును, అన్నము పెట్టదు. బడిలో గంట దొరికినను, ఇంట మాట లేనిచో ఆ గంట ఎండిపోవును. ఇంట మాట ఉన్నచో, గంట దొరకని యేండ్లలోను భాష బ్రతుకును.

“తేనె వంటి తెలుగు” అని మన సభలలో చెప్పని వక్త లేడు. చెప్పి ఇంటికి పోయి పిల్లలతో మరాఠీలోనో, ఇంగ్లీషులోనో మాటలాడుచున్నాడు. నాగయ్యగారికి దండ వేసి వెళ్లినవారికిని, ఈ వక్తకును భేదమేమి? పొగడ్త రెండు చోట్లను ఒక్కటే, ఆకలియు ఒక్కటే.

విమర్శించి ఊరకుండుట మా ఉద్దేశము కాదు. చేయదగినవి మూడు పనులు సూచించుచున్నాము. మూడింటికిని పెద్ద ధనము అక్కరలేదు.

మొదటిది. మన సంఘము పక్షమున నెలకొక సాయంకాలము పిల్లలకొరకు కేటాయింపవలెను. నాగయ్యగారి పాటలు పలువాటిని నేడు చేతిలోని ఫోనులోనే వినవచ్చును. ఒక సాయంకాలమునకు ఒక్క పాట చాలును. మొదట వినిపింపవలెను, పిదప ఒక పెద్ద అర్థము చెప్పవలెను, పిదప పిల్లలు కలిసి పాడవలెను. పోటీలు, బహుమతులు వలదు. పాట నోటికి వచ్చుటయే బహుమతి.

రెండవది. యేడాదికి ఒకమారు ‘భక్త పోతన’ను, ‘సంత్ తుకారాం’ను జంటగ ప్రదర్శింపవలెను. మరాఠీ పొరుగువారిని కుటుంబముతో పిలువవలెను. తరతరములుగ వారి నడుమ బ్రతికిన మనము మన ఇంటి మంచివస్తువును వారికి చూపుట మర్యాద. వారి మంచివస్తువును మన పిల్లలకు చూపుట కృతజ్ఞత.

మూడవది అన్నిటికన్న ముఖ్యము. నాగయ్యగారికి మనము చేయగలిగినది ఇంక ఏమియు లేదు. కాని మన ఊళ్లలో ఇంకను పాడువారు ఉన్నారు. పెండ్లి పాటలు తెలిసిన ముసలమ్మలు, భజన కట్టు వృద్ధులు, నాట్లనాటి పాటలు మరువని కూలితల్లులు మన కండ్లయెదుటనే ఉన్నారు. వారిని పిలిచినప్పుడు శాలువ కప్పి పంపివేయుట చాలదు. దారిఖర్చు ఇయ్యవలెను, పాడిన పాటకు రొక్కము ఇయ్యవలెను, జబ్బుపడినప్పుడు ఇంటికి పోయి పలుకరింపవలెను. వారి పాటను ఫోనులో పదిలపరుపవలెను. ఆ పాట తెలిసిన పిల్లను ఒకతెను తయారుచేయవలెను. శాలువల లెక్క గాక, ఈ ఖర్చుల లెక్క మన సంఘపు వార్షిక పత్రములో కనబడిన దినమున మనము నాగయ్యగారి ఋణములో ఒక వంతు తీర్చినవారమగుదుము.

త్ర్యంబకమున పుట్టిన గోదావరి నాందేడు దాటి, మన బాబ్లీ దాటి బాసరకు పోవుచున్నది. తీర్పు వ్రాసినవారు ఆ నీటిని కొలిచిరి గాని పుట్టింపలేదు. అది పైనుండి వచ్చుచున్నది గనుక క్రిందికి పోవుచున్నది. భాషయును అట్లే. పెద్దల నోట ఉన్నంతవరకే పిల్లల చెవికి చేరును. వచ్చు నెలలో మొదటి సాయంకాలమునకు ఏ ఇల్లు వాకిలి తెరచునో తెలుపవలసినదిగ మన కుటుంబములనన్నింటిని కోరుచున్నాము.